బరోక్ ప్రింట్లలో గ్రీకు దేవతలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

రాగి రేకు మీద ఎచింగ్ (ఆమ్లంతో గీతలు కొరికించి, ఆ రేకుతో బొమ్మ అచ్చేయడం) చేస్తాను, నేర్పిస్తాను కూడా. 17వ శతాబ్దపు యూరప్ ప్రింట్లు, అంటే బరోక్ కాలం నాటివి, చూపించిన ప్రతిసారీ అవే మాటలు వినిపిస్తుంటాయి, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: దేవుడి ఎడమ చేతిలో ఆయుధం ఉంటే అదేదో చెడు సంకేతం.

వాస్తవం: ముందు ప్రెస్ సంగతి గుర్తుపెట్టుకోండి. రేకు మీద గీసింది కాగితం మీద అద్దంలో చూసినట్టు తారుమారుగా పడుతుంది, అంటే కుడిచేతి కత్తి ఎడమచేతిలోకి వచ్చేస్తుంది. కొందరు బొమ్మని ముందే తిప్పి గీసుకుని చెక్కేవారు, చాలామంది పట్టించుకోలేదు. కాబట్టి చేతిని చూసి అర్థం చెప్పేముందు ఆ ప్రింట్‌కి ఆధారమైన పెయింటింగో డ్రాయింగో ఉందేమో వెతకండి.

అపోహ: ప్రింట్ మీద చిత్రకారుడు రూబెన్స్ పేరుంటే రూబెన్సే చెక్కాడు.

వాస్తవం: చెక్కింది లూకాస్ వోర్స్టర్‌మన్ లాంటి నిపుణులు. రూబెన్స్ ప్రూఫులు (పరీక్షకి తీసిన అచ్చులు) తెప్పించుకుని వాటి మీదే దిద్దేవాడు.

అపోహ: ఒక గుర్తుకి ఒకటే అర్థం.

వాస్తవం: ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టే అపోహ. ఇటలీ రచయిత చెజారె రీపా రాసిన ‘ఇకొనోలోజియా’, అంటే గుర్తుల అర్థాలు చెప్పే పుస్తకం, 1593లో వచ్చింది, 1603లో బొమ్మలతో మళ్లీ అచ్చయింది, కళాకారులు దాన్ని బాగా వాడుకున్నారు. నిజమే, కానీ అది నిఘంటువులా పనిచేయదు. గుడ్లగూబ జ్ఞానదేవత మినర్వా (గ్రీకుల ఎథీనాకి రోమన్ పేరు) పక్కనుంటే జ్ఞానం, అదే గుడ్లగూబ డచ్ వాళ్ల బొమ్మల్లో చాలాసార్లు మూర్ఖత్వం. పక్కన ఎవరున్నారో చూడకుండా పక్షిని మాత్రమే చూస్తే తప్పుదారి పడతాం.

అపోహ: దేవత అంటే శిల్పంలాంటి అందం ఉండాల్సిందే.

వాస్తవం: డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1631 ప్రాంతంలో చేసిన డయానా (గ్రీకుల ఆర్టెమిస్‌కి రోమన్ పేరు) ఎచింగ్‌ని దగ్గరగా చూడండి. స్నానానికి వచ్చి ఒడ్డున కూర్చున్న మామూలు ఆడమనిషి, జారిన పొట్ట, మడతలు పడ్డ ఒళ్లు, ఆ మడతల్ని సన్నని గీతలతో ఎంత ఓపిగ్గా పట్టుకున్నాడో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పక్కనున్న అంబులపొది తీసేస్తే ఆమె వేటదేవత అని ఎవరూ అనుకోరు. 1681లో ఆండ్రిస్ పెల్స్ అనే డచ్ కవి, రెంబ్రాంట్ అందాల దేవత గ్రీకు వీనస్‌ని వదిలేసి బట్టలుతికే మనిషిని మోడల్‌గా ఎంచుకుంటాడని తప్పుపట్టాడు. నా దృష్టిలో పెల్స్ కథని మర్చిపోయాడు. డయానా స్నానం చేస్తుండగా చూసిన ఆక్టియాన్ జింకగా మారి సొంత కుక్కల నోట పడ్డాడు కదా, ఈ బొమ్మలో ఆక్టియాన్ ఎక్కడా లేడు, ఆమె మాత్రం తల తిప్పి సూటిగా మనవైపే చూస్తోంది.