చామోమిల్ నూనె: పూల నుంచి వచ్చిందే కదా అని నేరుగా రాసేవాళ్లకు

విశాఖలో అరోమాథెరపీ (సువాసన నూనెలతో చేసే ఉపచారం) చేస్తూ నేను ఎక్కువగా వినే మాట ఇదే: "పూల నుంచి తీసిందే కదా మేడమ్, ఏం చేస్తుంది?" వాట్సాప్‌లో ఎవరో పంపిన మెసేజ్ చూపిస్తారు. దద్దురు వచ్చినా, మొటిమ వచ్చినా, పాపాయికి చెమటకాయలు లేచినా రెండు చుక్కలు చామోమిల్ (చామంతిని పోలిన చిన్న తెల్లపూల మొక్క) నూనె రాసేయమని ఉంటుంది. దేనిలో కలపాలో, ఎంత కలపాలో ఒక్క ముక్క ఉండదు. ఆ మెసేజ్ రాసినవాళ్లెవరో ఎప్పటికీ తెలియదు. చర్మం మండుతూ నా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం కళ్లెదుటే ఉంటారు.

అపోహ: సహజమైనది కాబట్టి పలచన చేయకుండా రాసినా ఏమీ కాదు.

వాస్తవం: ఎసెన్షియల్ ఆయిల్ అంటే పూవు కాదు, పూవులోని ఘాటంతా ఒకచోట చేరిన ద్రవం. చామోమిల్‌లో ప్రధానంగా జర్మన్, రోమన్ అని రెండు రకాలు. మందుల నాణ్యతకు ప్రమాణాలు చెప్పే ఐరోపా ఫార్మకోపియా లెక్కలో మందుకు పనికొచ్చే జర్మన్ చామోమిల్ ఎండు పూలు కిలోకి కనీసం 4 మిల్లీలీటర్ల నూనె ఇవ్వాలి. మీ చేతిలోని 5 మిల్లీలీటర్ల సీసా వెనక దాదాపు కిలో ఎండు పూలు ఉండొచ్చన్నమాట. కప్పు చామోమిల్ టీలో వేసుకునే చెంచాడు పూలకూ దీనికీ పొంతనే లేదు.

పూర్ణా మార్కెట్ వైపు పూలదండలు కట్టే ఒకావిడను ఆమధ్య కూతురు నా దగ్గరికి తీసుకొచ్చింది. కార్తీక మాసం, చేతినిండా చామంతి పని. బొటనవేలు, చూపుడువేలు కొసలు ఎండిపోయి, నిలువునా చీలి, చీలికల్లో రక్తపు చెమ్మ కనిపిస్తోంది. పగుళ్లు మానతాయని ఎవరో చెబితే ఆ అమ్మాయి ఆన్‌లైన్‌లో చామోమిల్ నూనె తెప్పించి, రోజూ రాత్రి పగుళ్ల మీద నేరుగా చుక్కలు వేసింది. కొన్నాళ్లకే మణికట్టు దాకా ఎర్రబడి నీటిపొక్కులు లేచాయి.

చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ, చామోమిల్... అన్నీ ఆస్టరేసీ కుటుంబం మొక్కలే. వీటిలో ఒకటి పడనివారికి మరొకటి కూడా పడకపోవచ్చు. చామంతులతో పగిలిన చేతికి వాటి చుట్టాన్నే, అదీ మామూలు నూనెలో కలపకుండా, మందుగా పోసినట్టయింది. ఆ అమ్మాయి ఒకటే ఏడుపు. తల్లి బాధ చూడలేక చేసిన పని అది, ఆమెను ఏమంటాం? చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి పంపించాను. పరీక్ష చేస్తే చామంతి అలర్జీ తేలింది. ఆవిడ ఇప్పుడు కనకాంబరాలు, లిల్లీలే కడుతోంది.

అందుకే సీసా మూత తీయకముందే అడుగుతాను: చామంతి దండ వేసుకుంటే మెడ దురద పెడుతుందా? వయ్యారిభామ పూసే రోజుల్లో తుమ్ములు, కళ్ల మంట వస్తాయా? అవునంటే వాళ్లకు చామోమిల్ వద్దు.

ఇక మిగతావాళ్లకు కొలత. 1 మిల్లీలీటరు అంటే సుమారు 20 చుక్కలు. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలోనో బాదం నూనెలోనో 6 చుక్కలు కలిపితే 1 శాతం. ముఖానికైతే 3 చుక్కలు చాలు. ఒంటికి 2 శాతం, అంటే 12 చుక్కలు దాటనివ్వను. ముందు మోచేతి లోపలి మడతలో కలిపిన నూనె ఒక చుక్క రాసి రెండు రోజులు ఆగాలి. "పది నిమిషాలు చూశాను మేడమ్, ఏం కాలేదు" అంటారు. అలర్జీ బయటపడటానికి 48 గంటలు కూడా పట్టొచ్చు, పది నిమిషాల్లో ఏం తెలుస్తుంది?

పొరపాటున నేరుగా రాసేసి మంట పుడితే, ఒట్టి నీళ్లతో కడిగితే నూనె పోదు. మామూలు వంటనూనెలో ముంచిన దూదితో తుడిచేసి, తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం ఆగకుండా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

చంటిబిడ్డల తల్లులకు ఒక మాట. బిడ్డ రాత్రంతా ఏడుస్తుంటే మీరెంత టెన్షన్ పడతారో నాకు తెలుసు, ఎవరేం చెప్పినా చేసేయాలనిపిస్తుంది. రెండేళ్ల లోపు పిల్లలకు నేను ఈ నూనె వాడనివ్వను. మీ అమ్మగారో అత్తగారో ఒళ్లంతా పట్టించే ఆ మామూలు నూనె చాలు, అందులో ఏ చుక్కలూ కలపక్కర్లేదు.

అపోహ: చామోమిల్ టీ తాగుతాం కదా, నూనె చుక్క పాలలో వేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. పిల్లలు సీసా ఎత్తి మింగితే వాంతి చేయించకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, సీసా చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: నీలంగా ఉంటేనే అసలుది.

వాస్తవం: ఆ నీలం చామజులీన్ వల్ల వస్తుంది. అది పువ్వులో ఉండదు, ఆవిరి పట్టి నూనె తీసేటప్పుడు మెట్రిసిన్ అనే పదార్థం నుంచి పుడుతుంది. ఇది జర్మన్ రకం సంగతి. రోమన్ చామోమిల్ నూనె ఎక్కువగా లేత పసుపులో ఉంటుంది, అదీ అసలుదే. పైగా రంగు కలపడం ఎవరికైనా వచ్చు. లేబుల్ మీద మెట్రికేరియా కెమోమిలా అనో కెమీమీలమ్ నోబిలే అనో శాస్త్రీయనామం ఉందో లేదో చూడండి. ఏ పేరూ లేకుండా వందకో నూటయాభైకో దొరికే సీసాలో ఉన్నది సెంటు అనుకోవడమే మంచిది.

అపోహ: వాసన చూస్తే నిద్రమాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: వాసన హాయిగా ఉంటుంది, పడుకునే ముందు అరగంట డిఫ్యూజర్ (నూనె వాసనను గదిలోకి వెదజల్లే పరికరం) పెట్టుకుంటే మనసు కాస్త నెమ్మదిస్తుంది. నా క్లయింట్లలో చాలామందికి అది ఎంతో ఊరట. కానీ ఆందోళన తగ్గుతుందని అందరూ చెప్పుకునే 2009 నాటి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధనలో వాడింది చామోమిల్ సారం నింపిన క్యాప్సూల్స్‌ని, నూనె వాసనను కాదు. డాక్టర్ రాసిన మందు మీ అంతట మీరు ఆపకండి. ఆస్తమా ఉన్నవారి గదిలో, తలుపులు బిగించిన ఏసీ గదిలో రాత్రంతా డిఫ్యూజర్ వద్దు.

బకెట్ నీళ్లలో చుక్కలు వేసుకుని స్నానం చేయడం కూడా నేరుగా రాసుకోవడమే. నూనె నీళ్లలో కలవదు, పైన తేలి ఒంటికి అంటుకుంటుంది.

మన వేసవి ఉక్కలో కిటికీ పక్కన పెట్టిన సీసా త్వరగా పాడవుతుంది. పాతబడి గాలి సోకిన నూనెతో అలర్జీ ముప్పు ఎక్కువ. ముదురు రంగు సీసాలో, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వాసన మారితే పారేయండి.

గర్భిణులు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మందులు వాడేవారు నా దగ్గరికి రాకముందే తమ డాక్టర్‌ని అడగాలి. కెనడాలో వార్ఫరిన్ వాడుతున్న 70 ఏళ్ల మహిళ చామోమిల్ టీ తాగుతూ, చామోమిల్ లోషన్ కూడా రాసుకుంటూ లోపల రక్తస్రావమై ఆసుపత్రి పాలైన సంగతి 2006లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. డాక్టర్‌ని అడిగేటప్పుడు టీ, క్రీము, నూనె... వేటిలో చామోమిల్ వాడుతున్నా అన్నిటి పేర్లూ చెప్పండి.