కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఇంట్లో తెలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు కౌన్సెలింగ్ చేయడం నా పని. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తాడేపల్లిగూడెం కాలేజీల్లో చదివేవాళ్లలో చాలామందిది చుట్టుపక్కల ఊళ్లే. శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. ఏ మాటైనా ఊరు చేరడానికి మాత్రం అంత టైమ్ కూడా పట్టదు. సాయం దొరక్క ఆగిపోయినవాళ్లకన్నా, ఎవరికైనా తెలుస్తుందేమోనని ఆగిపోయినవాళ్లనే నేను ఎక్కువగా చూస్తున్నాను. అందుకే ముందు ఆ భయం గురించే.

అపోహ: కౌన్సెలర్‌కి చెబితే ప్రిన్సిపాల్‌కి, అక్కణ్నుంచి అమ్మానాన్నలకి వెళ్లిపోతుంది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. చాలా కాలేజీల్లో కొంతమంది విద్యార్థులకు ఒక లెక్చరర్‌ని మెంటర్‌గా పెడతారు. అటెండెన్స్ తగ్గినా, బ్యాక్‌లాగ్ పడినా ఇంటికి ఫోన్ చేసేది ఆయనే. అది ఆయన డ్యూటీ. కౌన్సెలర్ పని వేరు. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి చెప్పిన విషయాన్ని, ఆ విద్యార్థి ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్లకైనా సరే చెప్పకూడదు. డాక్టరు దగ్గర చికిత్స తీసుకుంటే ఆ వివరాలు గోప్యంగా ఉండటం మీ హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. మినహాయింపులు ఉన్నాయి, వాటిని దాచను: మీ ప్రాణానికి ముప్పు, ఇంకొకరికి హాని, కోర్టు ఆదేశం వంటివి. ముప్పు ఉందనిపించినప్పుడు కూడా, ఎవరికి చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో నేను ముందు ఆ విద్యార్థితోనే కూర్చుని మాట్లాడతాను.

మొదటి రోజే నిస్సంకోచంగా అడగండి: నేను చెప్పింది మీరు రాసుకుంటారా? ఆ కాగితం ఎక్కడ ఉంటుంది? ఎవరు చూస్తారు? సూటిగా జవాబు రాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మీకు ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరరే కౌన్సెలర్ కుర్చీలో కూర్చుంటే, మనసు విప్పలేకపోవడం మీ తప్పు కాదు. ఆ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం వంద, అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. మీ కాలేజీలో లేకపోతే 'ఎందుకు లేరు?' అని అడిగే హక్కు మీకుంది.

అపోహ: అక్కడికి వెళ్లేది పిచ్చివాళ్లు. రేపు సంబంధాలు కూడా రావు.

కోనసీమ అమ్మాయి ఒకరు (గుర్తుపట్టే వివరాలు మార్చాను). అమ్మ కువైట్‌లో పని చేస్తోంది, అమ్మాయి అమ్మమ్మ దగ్గర పెరిగింది. పరీక్ష హాల్లో ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడకపోవడం, చేతులు వణకడం. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. రక్తపరీక్షలూ బాగానే ఉన్నాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. అది పానిక్ ఎటాక్ అని తెలిసేసరికి ఒక సెమిస్టర్ పోయింది. ఇలాంటివాళ్లు కొన్ని వారాల కౌన్సెలింగ్‌తో మళ్లీ పరీక్షలు రాయడం నేను చూస్తూనే ఉన్నాను. తాయెత్తు కట్టిన అమ్మమ్మ మీద నాకు కోపం లేదు, ఆవిడకి తెలిసిన సాయం అదే. కానీ దానితోపాటే ఇక్కడికీ వచ్చి ఉంటే ఆ సెమిస్టర్ మిగిలేది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి జబ్బు అనదగ్గది ఏదీ ఉండదు. నిద్ర పట్టదు, హాస్టల్ రూమ్‌లో పడదు, తెలుగు మీడియంలో చదివి వచ్చి క్లాసులో నోరు విప్పలేరు. రొయ్యల చెరువు దెబ్బతిని నాన్న ఫీజు కట్టలేకపోతే ఆ టెన్షన్ బయటికి చెప్పుకోలేరు.

మందులు అవసరమైనా విశాఖపట్నం చినవాల్తేరులోని మెంటల్ ఆసుపత్రి దాకా పోనక్కర్లేదు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది. చూపించుకుని అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు.

అపోహ: ఆ మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాలి.

డిప్రెషన్‌కి మామూలుగా ఇచ్చే మందులు మత్తుకు అలవాటు చేసేవి కావు. పనిచేయడం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వారంలోనే 'లాభం లేదు' అని మానేయకండి. తగ్గిందని సొంతంగా ఆపేయకండి, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. నిద్రమాత్రల సంగతి వేరు. కొన్ని రకాలు అలవాటు పడతాయి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది. పైగా పోలీసు కేసు.

ఈ రెండు మాటలూ ప్రాణాల మీదికి తెచ్చేవే. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా, సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. లోపల ఉంటే బయటికి చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఉపన్యాసం ఇవ్వొద్దు, ఒంటరిగా వదలొద్దు, పక్కనే ఉండి 14416కి ఫోన్ కలపండి. 2022 అక్టోబర్‌లో మొదలైన, ఫోన్‌లోనే మానసిక సాయం అందించే ఈ టెలీ మానస్ సర్వీసు ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు.

ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని అదే 2017 చట్టం 115వ సెక్షన్‌లో ఉంది. ఆసుపత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇచ్చినా భయపడి ఆలస్యం చేయొద్దు. కేసు అవుతుందని ఇంట్లోనే ఉంచుకున్న ప్రతి నిమిషం ప్రమాదమే.

అపోహ: కౌన్సెలర్ మాటలే చెబుతారు, అసలు సమస్యలు తీర్చరు.

కొంత నిజం, మాటలతో అన్నీ తీరవు. అలాంటప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పడం కూడా మా పనే. ర్యాగింగ్ అయితే 1800-180-5522, ఏ వేళైనా పలుకుతుంది. లైంగిక వేధింపులకు కాలేజీలోని అంతర్గత కమిటీ ఉంది. ఘటన జరిగాక మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి, రాయడానికి సాయం అడగొచ్చు. చదువు మానేస్తానంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వబోమని బెదిరిస్తే, అలా పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

వైకల్యం ఉన్నవాళ్లు వాడుకోనిది ఇంకొకటి ఉంది. వైకల్య ధ్రువపత్రం ఉండి రాయడంలో ఇబ్బంది ఉంటే పరీక్షలో స్క్రైబ్‌ని (మీరు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని) అడగొచ్చు, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. చదవడం, రాయడంలో ఉండే లెర్నింగ్ డిజబిలిటీ కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉంది. ఆ వైకల్య ధ్రువపత్రానికి (సదరం సర్టిఫికెట్‌కి) స్లాట్ దొరకాలి, డాక్టర్లు పరీక్షించాలి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే పని కాదు, సెమిస్టర్ మొదట్లోనే రండి.