గుడిబండ మామిడి మొక్కల దగ్గర తప్పిన లెక్క

పెద్ద విదేశీ బృందం ఏదైనా మన దేశంలో కచేరీ పెడుతోందనగానే టికెట్ల గొడవతో పాటు ఇంకో వాదన కూడా లేస్తోంది. లక్షమందిని ఒకచోట చేర్చే కచేరీని పర్యావరణానికి అనుకూలమైనదని ఎలా అంటారన్నది ఆ వాదన. 2025 జనవరిలో బ్రిటిష్ రాక్ బృందం కోల్డ్‌ప్లే నవీ ముంబైలో మూడు రోజులు, అహ్మదాబాద్‌లో రెండు రోజులు పాడినప్పుడు ఇది గట్టిగానే వినిపించింది. ఈ పర్యటనలో కార్బన్ ఉద్గారాలను 59 శాతం తగ్గించామని బృందం అప్పటికే ప్రకటించి ఉంది. అదే వారం అహ్మదాబాద్ విమాన టికెట్లు, హోటల్ గదుల రేట్లు సామాన్యుడికి అందకుండా పోయాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయి? దీన్ని వివరించేవాళ్లు సాధారణంగా కోల్డ్‌ప్లే పర్యటనలు ఆపుతామన్న 2019తో మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు చాలా ముందే వచ్చింది. అదీ మన ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న పల్లెల్లో.

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే హైవే మీద బాగేపల్లి దాటాక పడమటి వైపు గుడిబండ ఉంది. మడకశిర పక్కనున్న మన గుడిబండ వేరు, ఇది కర్ణాటకది. తెలుగు బాగా వినిపించే మెట్ట ప్రాంతం. 2002లో కోల్డ్‌ప్లే తన రెండో ఆల్బమ్ తయారీ వల్ల గాలిలో కలిసిన కార్బన్‌కు పరిహారంగా దక్షిణ భారతంలో 10,000 మామిడి మొక్కలు నాటిస్తామని చెప్పింది. పని ఫ్యూచర్ ఫారెస్ట్స్ అనే బ్రిటిష్ కంపెనీకి వెళ్లింది. ఆ కంపెనీ దాన్ని ఇక్కడి ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించింది. అభిమానులు కూడా 17.50 పౌండ్లు కట్టి తమ పేరున ఒక మొక్కను అంకితం చేయించుకోవచ్చన్నారు.

నాలుగేళ్ల తర్వాత, 2006 ఏప్రిల్‌లో, లండన్ టెలిగ్రాఫ్ పత్రిక విలేకరి ఆ ఊళ్లు తిరిగి చూశాడు. చాలా మొక్కలు ఎండిపోయి ఉన్నాయి. వర్లకొండలో పంచిన సుమారు 1,400 మొక్కల్లో బతికినవి 600. లక్ష్మీసాగరలో ఒక మహిళా రైతు 150 మొక్కలు తీసుకుంది, దక్కినవి 50. అవి దక్కడానికి కారణం ఆమె చేలో బావి ఉండటమే. ఏటా రెండు వేల రూపాయలు, ఒక బస్తా ఎరువు ఇస్తామన్నారని, చివరికి మొక్కలు తప్ప ఏమీ చేతికి రాలేదని ఆమె చెప్పింది.

మెట్ట చేలో మామిడి మొక్క పెంచినవాళ్లకు ఈ మాట బరువు తెలుస్తుంది. వానాకాలంలో నాటితే మొదటి నాలుగు నెలలు మొక్క తనంతట తనే నిలబడుతుంది. సంక్రాంతి దాటాక అసలు పరీక్ష. పాదులో వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు పోయాలి. 150 మొక్కలంటే ప్రతిసారీ 300 బిందెలు. చుట్టూ కంప కట్టకపోతే ఒక్క పూటలో మేకలు చిగుళ్లు మేసేస్తాయి. ఇలా కనీసం రెండు మూడు ఎండాకాలాలు గడిస్తేనే వేరు లోతుకు దిగుతుంది. బోరు లేని ఇంటివాళ్లు ఈ నీళ్లు ఎక్కడి నుంచి మోయాలి? ఆ కూలి ఎవరివ్వాలి? నీటి ఏర్పాటు ఒప్పందం ప్రకారం స్థానిక సంస్థ బాధ్యతేనని కంపెనీ అంది. అందుకు సరిపడా డబ్బు ఇవ్వలేదని సంస్థ అంది. బృందం మంచి మనసుతోనే డబ్బు పెట్టిందని వాళ్ల తరఫువాళ్లు అన్నారు. అది నమ్మదగ్గ మాటే. కానీ లండన్ కాగితాల మీద కార్బన్ లెక్క సరిపోయింది, పల్లెలో మొక్క ఎండిపోయింది. ఆల్బమ్ అమ్ముకున్నవాళ్ల బాకీ గుడిబండ రైతు బిందెల మీద పడింది.

మరుసటి ఏడాది, 2007లో, మరో బ్రిటిష్ రాక్ బృందం రేడియోహెడ్ తన అమెరికా పర్యటనల మీద కార్బన్ లెక్క కట్టించింది. అన్నిటికంటే పెద్ద వాటా అభిమానుల రాకపోకలదేనని తేలింది. ఆ బృందం 2008లో సామానును ఓడల్లో పంపింది, దీపాలను ఎల్‌ఈడీకి మార్చింది. మిగతా పరిశ్రమ మాత్రం మొక్కల దారిలోనే ఇంకో పదేళ్లు నడిచింది.

2019 నవంబర్ 21న కోల్డ్‌ప్లే గాయకుడు క్రిస్ మార్టిన్ బీబీసీతో మాట్లాడుతూ, పర్యటన పర్యావరణానికి మేలు చేసే మార్గం దొరికేదాకా కొత్త ఆల్బమ్‌తో పర్యటనకు వెళ్లబోమని చెప్పాడు. ప్రపంచమంతా ఈ మాటనే గుర్తుపెట్టుకుంది. సరిగ్గా వారం తర్వాత బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరానికి చెందిన సంగీత బృందం మాసివ్ అటాక్ చేసిన ప్రకటనను అంతగా పట్టించుకోలేదు. నా లెక్కలో అదే ముఖ్యమైనది. మొక్కలు నాటించడం, ప్లాస్టిక్ మానేయడం, రైల్లో తిరగడం అన్నీ తాము చేసి చూశామని, అవి చాలవని ఆ బృందంలోని రాబర్ట్ డెల్ నాజా రాశాడు. ఉద్గారాలకు వేరేచోట పరిహారం కొనుక్కోవడమంటే డబ్బున్నవాళ్లు తమ పద్ధతి మార్చుకోకుండా భారాన్ని పేద దేశాల మీదికి నెట్టడమేనన్నది అతని వాదన. గుడిబండ పేరు అందులో లేదు. కానీ ఆ మహిళా రైతు చెప్పిన మాటే అది. మాంచెస్టర్‌లో వాతావరణ మార్పుల మీద పరిశోధించే టిండాల్ సెంటర్ శాస్త్రవేత్తలకు బృందం తన పర్యటనల వివరాలన్నీ అప్పగించి, ఎక్కడ ఎంత కోయాలో చెప్పమంది.

ఆ నివేదిక 2021 సెప్టెంబర్‌లో వచ్చింది. ప్రొఫెసర్ కార్లీ మెక్‌లాక్లన్ బృందం దాన్ని రాసింది. పరిహారం ఊసు పక్కనపెట్టి పనిముట్ల జాబితాలా ఉంటుందది. హాళ్లలో స్పీకర్లు, దీపాలు స్థిరంగా ఉంచితే బృందాలు లారీల కొద్దీ సామాను మోయక్కర్లేదు. ప్రైవేట్ విమానాలు ఆపాలి. ఉత్సవాల్లో డీజిల్ జనరేటర్లు 2025 నాటికి పోవాలి. ప్రేక్షకుల ప్రయాణాన్ని టికెట్ అమ్మేటప్పుడే ఆలోచించాలి. ఆరుబయట కచేరీకి వెళ్లినవాళ్లు ఒకసారి వేదిక వెనక్కి నడిచి చూడండి. లారీ మీద ఎక్కించిన జనరేటర్ హోరు, ఘాటైన డీజిల్ పొగ, తీగలు కాళ్లకు తగలకుండా దాటుకుంటూ తిరిగే కుర్రాళ్లు కనిపిస్తారు. వేదిక ముందు ఎన్ని ఆకుపచ్చ బ్యానర్లున్నా పాటకు కరెంటు అక్కడి నుంచే వస్తుంది.

కోల్డ్‌ప్లే 2021 అక్టోబర్‌లో తన ప్రణాళిక ప్రకటించింది. 2016-17 పర్యటనతో పోలిస్తే ప్రత్యక్ష ఉద్గారాలను సగానికి తగ్గిస్తామంది. పాత బ్యాటరీలతో కరెంటు, తొక్కితే విద్యుత్తు పుట్టే సైకిళ్లు, గెంతితే కరెంటు పుట్టే నేల, కచేరీ అయ్యాక తిరిగిచ్చే వెలుగు చేతిపట్టీలు, టికెట్‌కు ఒక చెట్టు అందులో ఉన్నాయి. చేసినది చిన్న పనేమీ కాదు. 59 శాతం తగ్గిందన్న 2024 లెక్కను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశీలించింది. అయితే ఆ అంకె దేన్ని కొలిచిందో చూడాలి. వేదిక, సరుకు రవాణా, బృందం, సిబ్బంది ప్రయాణాలు అందులోకి వస్తాయి. స్టేడియానికి తరలివచ్చే జనం ప్రయాణం ఆ 59లోకి రాదు. సైకిళ్లు, నేల, స్టేడియంలో పెట్టిన సౌర పలకలు కలిసి ఒక్కో కచేరీకి సగటున 17 యూనిట్లు ఇచ్చాయని బృందమే చెప్పింది. మన ఇంట్లో ఒక ఏసీ పది పన్నెండు గంటలు నడిస్తే అయ్యే కరెంటు అది. 2022లో విమాన ఇంధనం కోసం ఫిన్లండ్ ఇంధన కంపెనీ నెస్టేతో కలిసినప్పుడు, దాని సరఫరాకు పామాయిల్ తోటల కోసం జరిగే అడవుల నరికివేతతో సంబంధముందని యూరప్ ఉద్యమకారులు తప్పుపట్టారు. పామాయిల్ వాడబోమని హామీ తీసుకున్నామని, ఇంకా మెరుగైన దారి చెబితే వింటామని బృందం బదులిచ్చింది.

మాసివ్ అటాక్ 2024 ఆగస్టు 25న బ్రిస్టల్‌లోని క్లిఫ్టన్ డౌన్ మైదానంలో తన జవాబు చూపించింది. ముప్పై వేలకు పైగా జనం వచ్చారు. వేదిక అంతా బ్యాటరీల మీద నడిచింది, డీజిల్ వాడలేదు. తిండి మొత్తం శాకాహారమే, పాలు, నెయ్యి కూడా లేకుండా. నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపించినవి వేరే రెండు ఉన్నాయి. టికెట్లు ముందుగా ఆ చుట్టుపక్కల పిన్‌కోడ్‌ల వాళ్లకు అమ్మారు. మైదానం దగ్గర కార్లకు స్థలమే ఇవ్వలేదు. దానికి బదులు స్టేషన్ల నుంచి ఎలక్ట్రిక్ బస్సులు, రాత్రి తిరుగు ప్రయాణానికి ప్రత్యేక రైళ్లు పెట్టారు. టికెట్ కొన్న రోజునే ఇంటికెలా చేరాలో మనిషికి తెలుసు.

ఇదే పని స్టేడియాల పర్యటనకు కుదరదని కొందరంటారు. ఒక ఊళ్లో ఒక రోజు చేయడం వేరు, ఖండాలు తిరగడం వేరన్నది వాళ్ల మాట. దానికి బలం లేకపోలేదు. కానీ అహ్మదాబాద్‌నే చూడండి. ముంబై నుంచి కచేరీ కోసం పశ్చిమ రైల్వే ప్రత్యేక రైళ్లు నడిపింది. జనవరి 26 కచేరీని హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా ఇచ్చారు కాబట్టి లక్షలమంది ఇంట్లోంచి కదలకుండా చూడగలిగారు. రెండూ జరిగాయంటే రెండూ సాధ్యమే. కాకపోతే టికెట్లు అమ్ముడైపోయి, జనం విమానాలు బుక్ చేసుకున్నాక వచ్చినవవి. 2024 సెప్టెంబర్‌లో నవీ ముంబై టికెట్ల కోసం బుక్‌మైషోలో కోటీ 30 లక్షలమందికి పైగా వరుస కట్టారు. ఎవరు ఏ ఊరి నుంచి వస్తారు, రైలు దొరుకుతుందా అని ఆ వరుసలో ఎవరినీ అడగలేదు. హైదరాబాద్‌లో కూర్చుని టికెట్ దక్కించుకున్న కుర్రాడికి మిగిలింది విమానమే.

ఈ పర్యటన పేరున 70 లక్షల చెట్లు నాటించినట్టు బృందం 2024లో చెప్పింది. అవి ఏ చేలల్లో ఉన్నాయో, మూడో ఎండాకాలం దాకా నీళ్లు ఎవరు పోస్తున్నారో, ఆ కూలి ఎవరిస్తున్నారో ఊరి పేర్లతో సహా చెప్పమని అడగాలి. గుడిబండలో ఆ ప్రశ్న వేయడానికి నాలుగేళ్లు పట్టింది.