"మగాళ్లంతే, ఆడాళ్లంతే" అనే ముందు: ఆకర్షణ మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడలో కుటుంబ కౌన్సెలింగ్ చేస్తుంటాను. పెళ్లికి ముందు వచ్చే జంటలు, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక వచ్చే జంటలు, ఎవరికీ చెప్పకుండా ఒక్కరే వచ్చి కూర్చునే అబ్బాయిలు, అమ్మాయిలు... ఎవరొచ్చినా ఏదో ఒక సమయంలో "మగాళ్లంటే అంతే కదండీ" అనో, "ఆడవాళ్ల బుద్ధే అంత" అనో ఒక మాట వస్తుంది. ఆ మాట రాగానే సంభాషణ ఆగిపోతుంది. స్వభావమే అంత అనుకున్నాక మార్చుకోవడానికి ఏం మిగులుతుంది? ఆడ, మగ మధ్య తేడాలే లేవని నేను చెప్పను, ఉన్నాయి. కానీ మనం స్వభావం అని పేరు పెట్టేవాటిలో చాలా భాగం పరిస్థితి. ఆ ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది, భయం ఎవరికి ఉంది, నిద్ర ఎవరికి చాలడం లేదు, ఇవన్నీ చూడకుండా ఆకర్షణ మీద తీర్పు చెప్పకూడదు. అందుకే నా దగ్గర తరచూ వినబడే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అబ్బాయికి అందం కావాలి, అమ్మాయికి డబ్బు కావాలి. ప్రకృతే అలా పెట్టింది.

మన సంబంధాల లెక్కంతా దీనిమీదే నడుస్తుంది. అమ్మాయి రంగు, అబ్బాయి ప్యాకేజీ. దీనికి సైన్స్ అండ ఉందని చెప్పేవాళ్లు చూపించేది 1989లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ బస్ ప్రచురించిన అధ్యయనం. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా అడిగారు, మన దేశం కూడా అందులో ఉంది. సగటున మగవాళ్లు చిన్న వయసుకు, రూపానికి ఎక్కువ మార్కులు వేశారు, ఆడవాళ్లు సంపాదనకు ఎక్కువ వేశారు. ఇది నిజమే. అయితే అదే డేటాలో ఆడవాళ్లూ మగవాళ్లూ అన్నిటికంటే పైన పెట్టినవి అందమూ కాదు, డబ్బూ కాదు. ఒకరిమీద ఒకరికి ప్రేమ, నమ్మదగిన మనిషి కావడం, మనసు నిలకడగా ఉండటం, కలుపుగోలు స్వభావం. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పైగా దేశాన్ని బట్టి బాగా మారిపోయినది ఒకటుంది: పెళ్లికి ముందు ఎవరితోనూ శారీరక సంబంధం ఉండకూడదన్న షరతు. మన దేశంలో, చైనాలో దానికి చాలా విలువ ఇచ్చారు, స్వీడన్‌లో, నెదర్లాండ్స్‌లో దాదాపు పట్టించుకోలేదు. ప్రకృతి స్వీడన్‌కు ఒకటి, మనకు ఒకటి పెట్టలేదు కదా.

తర్వాత 1999లో ఆలిస్ ఈగ్లీ, వెండీ వుడ్ అనే పరిశోధకులు అదే డేటాను తీసుకుని, ఆడవాళ్లకు సమాన అవకాశాలున్న దేశాలను విడిగా చూశారు. అలాంటి చోట్ల ఆడవాళ్లు సంపాదనకు, మగవాళ్లు ఇంటిపని వచ్చిన భార్యకు ఇచ్చే ప్రాధాన్యంలో తేడా తగ్గింది. అందం విషయంలో మాత్రం అంతగా తగ్గలేదు. 2020లో 45 దేశాల్లో 14 వేల మందికి పైగా అడిగి మళ్లీ చూస్తే, సమానత్వం పెరిగినకొద్దీ స్పష్టంగా తగ్గింది భార్యాభర్తల మధ్య వయసు తేడా ఒక్కటే, మిగతావి ఈగ్లీ, వుడ్ చెప్పినంతగా తగ్గలేదు. అంటే ఈ తేడాలు పరిణామ క్రమంలో పుట్టుకతో వచ్చాయనేవాళ్లకూ, సమాజం అప్పగించిన పాత్రల వల్ల వచ్చాయనేవాళ్లకూ చేతిలో ఆధారాలున్నాయి, ఈ వాదన తెగలేదు. తెగిపోయిందని ఎవరైనా వీడియోలో బల్ల గుద్ది చెప్తుంటే వాళ్లు సగమే చదివారని అర్థం.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి. 2008లో పాల్ ఈస్ట్‌విక్, ఇలై ఫింకెల్ అనే ఇద్దరు అమెరికాలో విద్యార్థులకు ముందు "మీకు ఎలాంటివాళ్లు కావాలి" అని రాయించుకుని, తర్వాత నాలుగు నిమిషాల చొప్పున ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. కాగితం మీద రాసినప్పుడు అబ్బాయిలు అందం అన్నారు, అమ్మాయిలు సంపాదన అన్నారు. ఎదురుగా మనిషిని చూసి ఇష్టపడేటప్పుడు ఆ తేడా మాయమైంది, రాసుకున్న లిస్టుకూ కుదిరిన ఇష్టానికీ పెద్దగా పొంతన లేదు. మన పెళ్లిళ్లలో మనుషుల్ని జల్లెడ పట్టేది ఆ లిస్టే. అదీ చాలాసార్లు పెద్దవాళ్లు రాసిన లిస్టు.

ఇక "ఈ కాలం అమ్మాయిలు ప్యాకేజీ తప్ప ఏమీ చూడట్లేదు" అని కోపంగా వచ్చే తల్లిదండ్రులకు నేను ఒక విషయం గుర్తుచేస్తాను. కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇన్నేళ్లయినా "కట్నం ఇచ్చాం కదా" అని సంతకం పెట్టించుకునే ఇళ్లు ఎన్ని లేవు? పుట్టింట్లో వాటా లేక, పిల్లలు పుట్టగానే ఉద్యోగం మానేయాల్సి వచ్చే అమ్మాయి తన భద్రతను ఎదుటివాడి జీతంలో వెతుక్కోక ఇంకెక్కడ వెతుక్కుంటుంది? దాన్ని డబ్బాశ అనడం అన్యాయం.

అపోహ: అమ్మాయిలు ఆల్ఫా మగాడినే ఇష్టపడతారు.

ఈ మధ్య పాతికేళ్లలోపు అబ్బాయిలందరి నోటా ఇదే. ఫోన్‌లో చూసి నేర్చుకుంటున్నారు: తక్కువ మాట్లాడు, మెసేజ్‌కు వెంటనే జవాబివ్వకు, నువ్వే పైచేయిగా ఉండు.

ఈ ఆల్ఫా మాట తోడేళ్ల దగ్గర నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన, జూలో ఒకచోట బంధించి ఉంచిన తోడేళ్లు ఆధిపత్యం కోసం కొట్టుకోవడం చూసి రాశాడు. డేవిడ్ మెక్ అనే తోడేళ్ల పరిశోధకుడు 1970లో ఆ మాటకు బాగా ప్రచారం తెచ్చాడు, తర్వాత అడవిలో ఏళ్ల తరబడి గమనించి, తోడేళ్ల గుంపు అంటే మామూలుగా తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని, ఆ మాట తప్పుదారి పట్టిస్తుందని 1999లో తనే రాశాడు. అంటే మన అబ్బాయిలు నేర్చుకుంటున్నది, అయినవాళ్లకు దూరంగా బోనులో పడేసిన జంతువుల ప్రవర్తన.

మనుషుల విషయానికొస్తే, 1995లో జెన్సన్ క్యాంప్‌బెల్ బృందం చేసిన ప్రయోగాల్లో చొరవ, ఆధిపత్యం ఉన్న మగవాడు అమ్మాయిలకు నచ్చాడు, కానీ అతడు మంచివాడని, సాయం చేసే గుణం ఉన్నవాడని కూడా తెలిసినప్పుడే. ఆ మంచితనం లేనప్పుడు చొరవ ఏమీ కలిసిరాలేదు. నా దగ్గరికొచ్చే అమ్మాయిలు చెప్పేదీ ఇదే: ధైర్యంగా మాట్లాడేవాడు నచ్చుతాడు, తమను భయపెట్టేవాడు నచ్చడు. ఈ రెండిటికీ తేడా అబ్బాయిలకు ఎవరైనా విడమరిచి చెప్పాలి, ఇంట్లో తండ్రులు చెప్తే ఇంకా మంచిది.

అపోహ: వద్దంటే అవునని అర్థం. వెంటపడితే ఎవరైనా కరుగుతారు.

దీనిమీద నేను మెత్తగా మాట్లాడలేను. అమ్మాయి వద్దన్నాక పదే పదే వెంటపడటం, ఆన్‌లైన్‌లో కాపు కాయడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, దాని వెనకున్నదీ తిరస్కారాన్ని ఒప్పుకోలేకపోవడమే. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ పేరుతో పోలీసు బృందాలు పెట్టాల్సి వచ్చింది కూడా ఈ వేధింపుల వల్లే.

అబ్బాయిలు దీన్ని ఎందుకు నమ్ముతారంటే, నవ్వి మాట్లాడటాన్ని ఇష్టమని అర్థం చేసుకోవడం వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటవుతుంది. 1982లోనే ఆంటోనియా ఏబీ అనే పరిశోధకురాలు చూపించింది, ఒక అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకుంటుంటే చూసేవాళ్లలో ఆడవాళ్లకు అది స్నేహంగా కనిపిస్తే, మగవాళ్లకు అమ్మాయి చొరవ చూపిస్తున్నట్టు కనిపించింది. ఆడపిల్లలతో కలిసి కూర్చోనివ్వని కాలేజీల్లో చదివిన అబ్బాయికి ఒక అమ్మాయి మామూలుగా మాట్లాడితే ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు. కాలేజీ వాళ్లు క్రమశిక్షణ పేరుతో కట్టిన ఆ గోడ ఎవరినీ కాపాడటం లేదు, ఇలా తప్పుగా అర్థం చేసుకోవడాన్ని పెంచి పోషిస్తోంది.

అపోహ: మగవాడికి ఏడు సెకన్లకోసారి అదే ఆలోచన. ఆడవాళ్లకు కోరికలుండవు.

ఏడు సెకన్ల లెక్క వేస్తే మేలుకుని ఉన్న పదహారు గంటల్లో 8 వేల సార్లు దాటుతుంది, అప్పుడు ఇంకే పనీ జరగదు. 2012లో టెర్రీ ఫిషర్ అనే పరిశోధకురాలు కాలేజీ విద్యార్థుల చేతికి లెక్కపెట్టే చిన్న యంత్రాలిచ్చి, ఆలోచన వచ్చినప్పుడల్లా నొక్కమని వారం పాటు చూసింది. మధ్యస్థంగా అబ్బాయిలకు రోజుకు సుమారు 19 సార్లు, అమ్మాయిలకు సుమారు 10 సార్లు. తిండి గురించి, నిద్ర గురించి కూడా అబ్బాయిలే ఎక్కువసార్లు నొక్కారు. శృంగారం గురించి ఆలోచించడం సిగ్గుపడాల్సిన విషయం కాదు అనుకునేవాళ్లు ఎక్కువసార్లు నొక్కారు, ఆడా మగా అన్న తేడా కంటే ఇది ఎక్కువ పనిచేసింది.

ఇంకో పేరున్న ప్రయోగం, క్లార్క్, హాట్‌ఫీల్డ్‌లది, 1989లో అచ్చయింది. క్యాంపస్‌లో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి రాత్రికి పడకకు రమ్మంటే దాదాపు నాలుగింట మూడొంతుల అబ్బాయిలు సరే అన్నారు, అమ్మాయిలు ఒక్కరూ అనలేదు. దీన్నే తెగ చెప్తుంటారు. అదే ప్రయోగంలో "బయట కలుద్దామా" అని అడిగితే ఆడా మగా దాదాపు సగం సగం మంది ఒప్పుకున్నారు, అది చెప్పరు. 2011లో టెర్రీ కాన్లీ అనే పరిశోధకురాలు దీన్ని తిరిగి పరిశీలించి, అమ్మాయిలు ఎందుకు వద్దంటారో చూసింది. ముఖ్యంగా కనబడింది, దానివల్ల తమకు సుఖం ఉంటుందన్న నమ్మకం లేకపోవడం. అది అడ్డు కానిచోట తేడా బాగా తగ్గింది. దానికి తోడు, తెలియని మగవాడితో ఒక గదిలోకి వెళ్లడం ఎంత టెన్షనో మగవాడికి ఎప్పుడూ లెక్కలోకి రాదు, ఆడదానికి ఎప్పుడూ లెక్కలో ఉంటుంది.

పెళ్లయిన ఆడవాళ్లు నా దగ్గర గొంతు తగ్గించి చెప్పేది "నాకు ఇష్టం పుట్టట్లేదండీ, నాలో ఏదో లోపం ఉంది" అని. 2000లో కెనడా డాక్టర్ రోజ్‌మేరీ బాసన్ చెప్పిన విషయం వీళ్లకు చాలా ఊరటనిస్తుంది: చాలామంది ఆడవాళ్లకు కోరిక ముందుగా తనంతట తాను రాదు, దగ్గరతనం, స్పర్శ, నిదానం దొరికాక వస్తుంది. ఇది జబ్బు కాదు. మగవాళ్లలో కూడా ఇలాంటివాళ్లున్నారు, వాళ్లు చెప్పుకోవడానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడతారు.

అపోహ: గిన్నెలు తోమే మగాడంటే భార్యకు ఆకర్షణ పోతుంది.

అత్తగారు అనే మాట ఇది, కొడుకులూ నమ్ముతారు. అమెరికాలో 1990ల తొలినాళ్ల డేటాతో ఇలాంటి ఫలితమే ఒకటి వచ్చింది, ఇంటిపని పాత పద్ధతిలో పంచుకున్న జంటల్లో కలయిక ఎక్కువని. 2006 నాటి డేటాతో చూసిన 2016 అధ్యయనంలో అది నిలబడలేదు, పని సమానంగా పంచుకునే జంటలు ఏ విధంగానూ వెనకబడలేదు. తరం మారింది, మనుషులు ఆశించేది మారింది, ఫలితం మారింది.

మన దగ్గర పరిస్థితి చూడండి. కేంద్ర గణాంక శాఖ 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో ఆడవాళ్లలో 81 శాతం మంది పాల్గొంటే మగవాళ్లలో 26 శాతమే. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. రోజుకు ఐదు గంటలు ఇంటిపని, దానిమీద ఆఫీసు, పిల్లాడి హోంవర్కు, మర్నాటి టిఫిన్‌కు పప్పు నానబెట్టడం. అన్నీ అయ్యాక పదకొండింటికి మంచం ఎక్కిన మనిషికి ఆకర్షణ లేదని భర్త బాధపడతాడు. ఆయన బాధ నిజమే, ఆమె ఒంట్లో ఓపిక లేకపోవడమూ నిజమే. అలాంటి జంటకు నేను ముందు చెప్పేది పడకగది గురించి కాదు, రాత్రి వంటింటి పని ఎవరిదో కాగితం మీద రాసుకు రమ్మంటాను.

అపోహ: ఉద్యోగం పురుష లక్షణం.

ఈ మాట మగవాళ్లను ఎంత నలిపేస్తుందో చెప్పకపోతే ఈ వ్యాసం ఒంటెత్తు వ్యాసం అవుతుంది. హార్వర్డ్‌లో అలెగ్జాండ్రా కిలెవాల్డ్ 2016లో అమెరికన్ జంటల డేటా చూసి చెప్పింది, 1975 తర్వాత జరిగిన పెళ్లిళ్లలో భార్య సంపాదన విడాకులకు కారణంగా కనబడలేదు, ఆమె ఇంటిపని తక్కువ చేసినా కనబడలేదు, కానీ భర్తకు పూర్తికాల ఉద్యోగం లేకపోతే విడాకుల అవకాశం పెరిగింది. ఆడవాళ్లకు గీసిన గీత కొంత చెరిగింది, మగవాళ్లకు గీసింది అలాగే ఉంది. లేఆఫ్ అయిన సంగతి నెలల తరబడి ఇంట్లో చెప్పకుండా రోజూ లాప్‌టాప్ బ్యాగు వేసుకుని బయల్దేరే భర్తలు మన హైదరాబాద్‌లోనూ ఉన్నారు, డల్లాస్‌లోనూ ఉన్నారు. భార్యకు చెప్తే తన విలువ పోతుందని భయం. చెప్పాక ఆమెకు ఎక్కువగా బాధ కలిగించేది ఉద్యోగం పోవడం కాదు, ఇన్నాళ్లు దాచడం.

అపోహ: దెబ్బా ప్రేమలో భాగమే.

కాదు. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సమంజసమే అన్న ఆడవాళ్లు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 80 శాతానికి పైగా ఉన్నారు. హిమాచల్‌ప్రదేశ్‌లో ఆ అభిప్రాయం చాలా తక్కువ. దెబ్బ ఉన్న ఇంట్లో నేను ఆకర్షణ గురించి, సర్దుబాటు గురించి అసలు మాట్లాడను. ముందు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు చెప్తాను, ఆమె క్షేమంగా ఉండే చోటు చూస్తాం, తర్వాతే మిగతావి.

అపోహ: ఇష్టం తగ్గిందంటే మనసు వేరేచోట ఉన్నట్టే.

అనుమానం పెట్టుకునే ముందు డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్, మగవాళ్లలో షుగర్, కొన్ని డిప్రెషన్ మందులు, కొన్ని బీపీ మందులు, పాలిచ్చే తల్లుల్లో హార్మోన్ల మార్పులు, ప్రసవం తర్వాత వచ్చే కుంగుబాటు, వీటిలో ఏదైనా కోరికను తగ్గించగలదు. మందులు వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టర్‌తోనే మాట్లాడి మార్పించుకోండి. నా దగ్గరికి వచ్చేటప్పుడు కూడా ఇద్దరూ వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు, ఈ మధ్య చేయించిన రక్తపరీక్ష రిపోర్టులు పట్టుకుని రండి, మొదటి గంట సగం వాటితోనే గడుస్తుంది.