కంచె తెంచేవాడు హీరో ఎలా అవుతాడు? వెస్టర్న్ నవలపై అపోహలు - వాస్తవాలు

వెస్టర్న్ నవల, అంటే అమెరికా పశ్చిమ ప్రాంతంలో పశువుల మందలు తోలే కౌబాయ్‌ల కథ, ఒకటి తెలుగు చేస్తున్నానని చెప్పగానే ఎదుటివాళ్ల వేళ్లు తుపాకీ ఆకారంలోకి వచ్చేస్తాయి. తప్పు వాళ్లది కాదు. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ గుర్రమెక్కినప్పటి నుంచీ మనకు కౌబాయ్ అంటే టోపీ, తుపాకీ, నిధి వేట. నవలల్లోని కౌబాయ్ వేరే మనిషి.

అపోహ: ఇవన్నీ తుపాకుల కథలు.

పాత కాలానికీ కొత్త కాలానికీ మధ్య పేచీని పట్టుకున్న నవలల్లో అసలు గొడవ కంచెతో. 1874లో జోసెఫ్ గ్లిడెన్ అనే ఇల్లినాయ్ రైతు ముళ్లతీగకు పేటెంటు తీసుకున్నాడు. కొయ్య దొరకని మైదానాల్లో చవగ్గా కంచె వేసుకునే దారి దొరికింది. పదేళ్లు తిరక్కుండానే టెక్సస్‌లో రాత్రిళ్లు ముఠాలుగా వెళ్లి ఆ తీగలు కత్తిరించడం మొదలైంది. 1884లో అక్కడి చట్టం కంచె తెంచడాన్ని పెద్ద నేరం చేసింది. ప్రభుత్వ భూమిని కంచెలో కలిపేసుకోవడం మాత్రం చిన్న నేరమే అయింది. ఆ తేడాలోనే ఒక నవలకు సరిపడా కథ ఉంది.

నా అనువాదం ఇరుక్కున్నదీ ఇక్కడే. అందులో హీరో కంచెలు కత్తిరించే కౌబాయ్. మొదటి అధ్యాయాలు మా పెదనాన్నకు చదివి వినిపిస్తుంటే, ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. “ఏరా, కంచె తెంచేవాడు నీ హీరోనా? మన ఊళ్లో అయితే పశువుల్ని బందెలదొడ్డికి తోలి, జరిమానా కట్టించేవాళ్లం” అన్నారు. నిజమే. మన దగ్గర పశువు చేలో పడితే తప్పు పశువుగలవాడిది. అమెరికా పాత పశ్చిమంలోని బహిరంగ మేత పద్ధతి దీనికి తలకిందులు: మంద ఎటైనా తిరగొచ్చు, చేను కాపాడుకోవాలంటే రైతే చుట్టూ కంచె వేసుకోవాలి. ఈ సంగతి తెలియని తెలుగు పాఠకుడికి కథానాయకుడు మొదటి పేజీలోనే దొంగలా కనిపిస్తాడు. అందుకే రెండు వాక్యాలు కథలోనే కలిపాను. పేజీ అడుగున పెట్టే వివరణ ఎవరూ చదవరు.

అపోహ: కౌబాయ్ ఎవరికీ తలవంచని స్వేచ్ఛాజీవి.

నెలకు ముప్పై డాలర్లు, అటూ ఇటూగా, జీతం తీసుకునే కూలీ. మంద యజమానిది. తరచూ గుర్రం కూడా యజమానిదే. 1867 నుంచి టెక్సస్ పశువుల్ని వందల మైళ్లు నడిపించి కాన్సస్‌లోని ఆబిలీన్ రైల్వే స్టేషనుకు చేర్చేవారు. అక్కడి నుంచి రైలెక్కి తూర్పుకు, ఎక్కువగా షికాగో వైపు. ఏ రైలు తన బతుకును మింగేసిందని నవలల్లోని ముసలి కౌబాయ్ తిడతాడో, అతనికి ఆ పని ఇచ్చింది ఆ రైలే. 1883లో టెక్సస్ పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో కౌబాయ్‌లు జీతాలు పెంచమని సమ్మె కూడా చేశారు, ఓడిపోయారు. సినిమాలో ఈ ముక్క చూశారా ఎప్పుడైనా?

అపోహ: కౌబాయ్‌లంతా తెల్లవాళ్లే.

కాదు. నల్లవాళ్లు, మెక్సికన్లు చాలామంది. ‘రోడియో’ (కౌబాయ్ విద్యల పోటీ), ‘లారియట్’ (పశువుల్ని పట్టే ఉచ్చుతాడు) వంటి మాటలు స్పానిష్ నుంచి వచ్చినవే.

అపోహ: ఈ నవలలు పాతకాలాన్ని నెత్తిన పెట్టుకుంటాయి.

నాసిరకంవి పెట్టుకుంటాయి. నేను చేస్తున్నది అమెరికన్ రచయిత ఎడ్వర్డ్ ఆబీ 1956లో రాసిన ‘ది బ్రేవ్ కౌబాయ్’. న్యూ మెక్సికోలో, విమానాలు ఎగిరే కాలంలో, కథానాయకుడు జాక్ బర్న్స్ గుర్రం మీద తిరుగుతూ దారికి అడ్డమొచ్చిన కంచెల్ని కత్తిరిస్తుంటాడు. నిర్బంధ సైనిక నమోదుకు ఒప్పుకోని స్నేహితుడు జైల్లో ఉన్నాడని, అతన్ని తప్పించడానికి కావాలని తన్నులాటకు దిగి తానూ లోపలికి వెళ్తాడు. తీరా వెళ్తే స్నేహితుడు రానంటాడు. పెళ్లాం, పిల్లాడు ఉన్నారు, శిక్ష అనుభవించే బయటికొస్తాను అంటాడు.

ఇద్దరిలో ఎవరిది సరైన ధైర్యమో ఆబీ తేల్చడు. నాకైతే స్నేహితుడి మాటే బరువుగా తోచింది, కానీ చదువుతున్నంతసేపూ మనసు బర్న్స్ వెంటే పోయింది. అతన్ని వేటాడేందుకు హెలికాప్టర్ కూడా వస్తుంది. దాన్ని తప్పించుకోవచ్చు. కథ పొడవునా, దీనితో సంబంధమే లేనట్టు, ఒక లారీ హైవే మీద స్నానాలగది సామాను వేసుకుని వస్తుంటుంది. పగబట్టినవాడు కాడు, పాపం, సరుకు దించి ఇంటికెళ్లాలనుకునే డ్రైవరు.

చివరి అధ్యాయం చదివాక పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గుర్రానికేమైందిరా?” అని అడిగారు. కంచె సంగతి మళ్లీ ఎత్తలేదు.