ఊరు ఒకరిది, రన్‌వే ఇంకొకరిది: వార్‌గేమ్‌లలో ఎయిర్‌ఫీల్డ్ రూల్స్ చిక్కు ఎక్కడ మొదలైంది?

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ మీది గదిలో కొన్నాళ్లుగా 1944 నాటి బర్మా యుద్ధం వార్‌గేమ్‌గా, అంటే బల్ల మీద ఆడే యుద్ధపు ఆటగా, నడుస్తోంది. రెండు బల్లలు జోడించి పరిచిన మ్యాపు, దాని మీద షట్కోణపు గడులు, వందల కొద్దీ అట్టముక్కల కౌంటర్లు, పాఠ్యపుస్తకమంత రూల్‌బుక్. శని, ఆదివారాల్లో కలిసి ఆడుకునే చిన్న గుంపు మాది. ఇప్పుడు ఆట ఉత్తర బర్మాలోని మిట్కీనా ఊరి దగ్గర ఆగిపోయింది. మిత్రరాజ్యాల సైన్యం ఆ గడిలోకి వచ్చింది, జపాన్ సైన్యం ఇంకా అక్కడే ఉంది. పోరు తేలకపోతే రెండు పక్షాలూ ఒకే గడిలో ఉండిపోవచ్చని ఈ ఆట రూలు. మరి ఆ గడిలోని ఎయిర్‌ఫీల్డ్ ఎవరిది? గడిలోకి చివరగా వచ్చినవాళ్లదని రూల్‌బుక్‌లో ఒకచోట ఉంది. శత్రువున్న గడిలోని ఎయిర్‌ఫీల్డును ఎవరూ వాడకూడదని ఇంకోచోట ఉంది. “ఊరు నా చేతిలో ఉంటే రన్‌వే నీదెట్లయితాది సామీ?” అని జపాన్ తరఫు ఆటగాడు అడిగితే, మొదటి వాక్యాన్ని చూపించి కూడా ఎదుటివాళ్లు సమాధానం చెప్పలేకపోయారు.

రూలు రాసినవాళ్ల అజాగ్రత్త అని దీన్ని కొట్టిపారేయడం తేలిక. నాకు అది న్యాయంగా అనిపించదు. ఎయిర్‌ఫీల్డ్ రూల్స్ ఈ ఒక్క ఆటలోనే కాదు, రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన పెద్ద ఆటలు చాలావాటిలో తగువు పెట్టేవే. దానికి కారణం సగం వార్‌గేమ్‌ల చరిత్రలో ఉంది, సగం ఆ యుద్ధంలోనే ఉంది.

ముందు ఆటల సంగతి. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే అధికారి 1824లో తయారుచేసిన క్రీగ్‌ష్పీల్ అనే యుద్ధపు ఆటలో ఆటగాళ్లిద్దరి మధ్య ఒక అంపైర్ ఉండేవాడు. ఎవరికి ఏం కనబడుతుందో, ఏది కుదురుతుందో అతనే చెప్పేవాడు. 1876లో వెర్డీ దు వెర్నువా అనే జనరల్ ఇంకో అడుగు ముందుకు వేసి, లెక్కల పట్టికలు తగ్గించి అంపైర్ అనుభవానికే పెద్దపీట వేశాడు. అలాంటి ఆటలో రూలు అస్పష్టంగా ఉన్నా ఇబ్బంది లేదు. తీర్పు చెప్పే మనిషి ఎదురుగానే ఉన్నాడు. మన పులిజూదం కూడా అలాగే బతికింది. మేకలెన్ని, పులి ఎప్పుడు ఓడినట్టు అన్నది ఊరిని బట్టి మారుతుంది. తేడా వస్తే అరుగు మీద చూస్తున్న పెద్దాయన ఒక మాట చెబుతాడు, ఆట సాగుతుంది.

1954లో అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ ‘టాక్టిక్స్’ అనే ఆటను డబ్బాలో పెట్టి అమ్మాడు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైన సంవత్సరం కూడా అదే. ఇంట్లో ఇద్దరు మనుషులు కూర్చుని ఆడుకునే ఆట అది, అంపైర్ లేడు. అతను చేసే పనంతా కాగితం మీదికి వచ్చేసింది. తర్వాతి వార్‌గేమ్ రూల్‌బుక్‌లు లా పుస్తకాల్లా తయారవడానికి ఇదే మూలం. 1961 నాటికి రాబర్ట్స్ కంపెనీ అవలాన్ హిల్ ఆటల్లో షట్కోణపు గడులు వచ్చాయి. 1969లో జిమ్ డనిగన్ మొదలుపెట్టిన ఎస్‌పీఐ అనే ఆటల కంపెనీ ప్రతి రూలుకూ, ఉపరూలుకూ చట్టంలో సెక్షన్లలా నంబర్లు వేసే పద్ధతిని స్థిరపరిచింది. సందేహాలుంటే అవలాన్ హిల్‌కు ఉత్తరం రాయవచ్చు. అయితే ప్రశ్న అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పేలా ఉండాలి, తిరుగు కవరు స్టాంపుతో సహా పెట్టాలి. 1985లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్’ రూల్‌బుక్‌ను రింగ్ బైండర్‌లో అమ్మారు. సవరణలు వచ్చినప్పుడు పాత పేజీ తీసేసి కొత్త పేజీ పెట్టుకోవడానికి. రూలు ఎప్పటికీ పూర్తిగా రాసినట్టు కాదని ప్రచురణకర్తలే ఒప్పుకుని, దానికి తగ్గట్టు పుస్తకం కట్టించడం నాకు చాలా నచ్చిన సంగతి.

తొలినాళ్ల ఆటల్లో ఎయిర్‌ఫీల్డ్ తగువు పెద్దగా లేదు, ఎందుకంటే విమానబలం చాలాసార్లు ఒక అంకె మాత్రమే. ఈ టర్న్‌లో, అంటే ఆటలోని ఈ వంతులో, ఇన్ని వైమానిక పాయింట్లు, ఇష్టమొచ్చినచోట వాడుకో, అంతే. అవి ఎక్కడ నుంచి లేచాయో ఎవరికీ పట్టదు. 1970ల్లో ఆటలు పెద్దవయ్యాయి. 1973లో వచ్చిన ‘ద్రాంగ్ నాఖ్ ఓస్టెన్’లాంటి వాటిలో విమానాలకు సొంత కౌంటర్లు వచ్చాయి. 1979 నాటి ‘క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా’ అయితే ఒక్కొక్క విమానాన్నీ, ఒక్కొక్క పైలట్‌నూ లెక్క రాసుకోమంది. విమానం కౌంటర్ అయ్యాక దానికి దిగేచోటు కావాలి, ఆ చోటుకు హక్కుదారు కావాలి. చిక్కు అక్కడి నుంచే.

ఆ ఎయిర్‌ఫీల్డ్ గుర్తు ఒక్కటే, అది మోస్తున్న సంగతులు చాలా. చదును చేసిన నేల ఒకటి. ఆ నేల ప్రస్తుత పరిస్థితి, అంటే గుంతలు పడిందా, బురదైందా, అన్నది రెండోది. పెట్రోలు, బాంబులు, మెకానిక్‌లు వేరే. చుట్టూ ఫిరంగుల దూరంలో శత్రువు ఉన్నాడా అన్నది మరీ వేరు. రేణిగుంట విమానాశ్రయంలో పనిచేసే మిత్రుడొకరు మా ఆట చూడ్డానికి వచ్చి మొదట అడిగిన ప్రశ్న ఇదే: “రన్‌వే ఉంది సరే, ఫ్యూయెల్ ఎవరిస్తారు? ఫైర్ ఇంజన్ ఏది?” ఆట డిజైనర్ వీటన్నింటినీ ఒక గుర్తులోకి కుదించక తప్పదు. కుదించినప్పుడు ‘అధీనంలో ఉంది’ అన్న మాట ఒకచోట నేల గురించి, ఇంకోచోట వాడకం గురించి వచ్చేస్తుంది.

చరిత్రలో ఇవి విడివిడిగానే నడిచాయి. మిట్కీనానే తీసుకోండి. హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసే అమెరికన్ విమానాలకు అక్కడి జపాన్ ఫైటర్ల బెడద ఉండేది. వాటిని తప్పించుకోవడానికి ఇంకా ఉత్తరాన, ఇంకా ఎత్తైన కొండల మీదుగా తిరిగి వెళ్లాల్సి వచ్చేది. అందుకే ఊరికన్నా ముందు ఆ ఎయిర్‌ఫీల్డ్ కావలసి వచ్చింది. 1944 మే 17న మెరిల్ దళం అనే అమెరికన్ సైనిక దళం, దానితో పాటు వచ్చిన చైనా సైనికులు ఊరికి పడమర ఉన్న ఆ మైదానాన్ని హఠాత్తుగా పట్టుకున్నారు. వెంటనే రవాణా విమానాలు దిగడం మొదలైంది. కానీ పక్కనే ఉన్న ఊరు ఆగస్టు 3 దాకా లొంగలేదు. 78 రోజుల పాటు రన్‌వే ఒకరిది, ఊరు ఇంకొకరిది. మా మ్యాపు మీద ఆ రెండూ ఒకే గడిలో ఉన్నాయి. గడికి ఒకే యజమాని ఉంటాడన్న లెక్కతో రాసిన వాక్యం అక్కడ నిలబడే అవకాశమే లేదు.

మధ్య బర్మాలోని మేక్టిలా కథ ఇంకా క్లిష్టం. 1945 మార్చి మొదట్లో 17వ భారత డివిజన్ ఆ ఊరిని పట్టుకుంది. ఈసారి ఊరు, ఎయిర్‌ఫీల్డ్ రెండూ మిత్రరాజ్యాల చేతిలోనే ఉన్నాయి. అయితే జపాన్ సైన్యం తిరిగి చుట్టుముట్టింది. రాత్రిళ్లు జపాన్ సైనికులు ఎయిర్‌ఫీల్డ్ అంచుల దాకా వచ్చేవారు. పొద్దున్నే బ్రిటిష్ వైమానిక దళపు నేల సైన్యమైన ఆర్‌ఏఎఫ్ రెజిమెంట్, పదాతి దళాలు నేలంతా గాలించి ఖాళీ చేశాకే విమానాలు దిగేవి. మార్చి మధ్యలో ఒక బ్రిగేడ్ మొత్తం గుండ్లు పడుతుండగానే విమానాల్లో దిగింది. ఆ తర్వాత దిగడం కుదరక పారాచూట్లతో సరుకు వేశారు. అధీనం మారలేదు, వాడకం మాత్రం పూటపూటకూ మారింది. 1941 మేలో క్రీట్ ద్వీపంలోని మాలేమెలో జర్మన్లు కూడా ఫిరంగి గుండ్ల మధ్యే రవాణా విమానాలు దింపి ద్వీపాన్ని గెలుచుకున్నారు. శత్రువు పక్కన ఉంటే ఎయిర్‌ఫీల్డ్ పనికిరాదని రాస్తే మాలేమె జరగదు. ఎప్పుడైనా వాడుకోవచ్చని రాస్తే మేక్టిలాలో పారాచూట్లతో పనే ఉండదు. నిజం ఈ రెంటి మధ్య ఉంది: దిగవచ్చు, నష్టం భరించాలి. మంచి రూలు నష్టానికి పాచిక వేయమంటుంది గానీ తలుపు మూయదు.

దెబ్బతిన్న ఎయిర్‌ఫీల్డ్ గురించిన తగువుకు పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ ద్వీపం సమాధానం చెబుతుంది. 1942 అక్టోబరు 13 రాత్రి రెండు జపాన్ యుద్ధనౌకలు అక్కడ అమెరికన్ల చేతిలో ఉన్న హెండర్సన్ ఫీల్డ్ అనే ఎయిర్‌ఫీల్డ్ మీద తొమ్మిది వందలకు పైగా పెద్ద గుండ్లు కురిపించాయి. ప్రధాన రన్‌వే పాడైంది, పెట్రోలు చాలావరకు తగలబడింది. అయినా పక్కనున్న గడ్డి స్ట్రిప్ (చిన్న రన్‌వే) నుంచి మిగిలిన విమానాలు ఎగిరాయి. కాబట్టి దెబ్బ తగిలితే సామర్థ్యం తగ్గాలి గానీ సున్నా కాకూడదు.

అదే హెండర్సన్ ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెబుతుంది. రూల్స్ రాసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే అని నా అభిప్రాయం. అమెరికన్ మెరైన్లు ద్వీపంలో దిగింది ఆగస్టు 7న, ఎయిర్‌ఫీల్డును పట్టుకుంది 8న, తొలి ఫైటర్లు, బాంబర్లు వచ్చింది 20న. ఆటలో ఒక టర్న్ అంటే నెల అయితే ‘పట్టుకున్న టర్న్‌లోనే వాడుకోవచ్చు’ అన్న రూలు సరైనదే. టర్న్ అంటే వారం అయితే అదే వాక్యం తప్పు. ఒక సిరీస్‌లో ఆట తర్వాత ఆట వస్తున్నప్పుడు పాత రూల్స్ వాక్యాలు కొత్త పుస్తకంలోకి అలాగే వచ్చేస్తాయి. కాలం కొలత, నేల తీరు మాత్రం మారిపోతాయి. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో రాళ్లు ఏరేసి చదును చేస్తే ల్యాండింగ్ గ్రౌండ్ తయారు. బర్మాలో ఎండాకాలం ఎండిన వరిమడి కూడా స్ట్రిప్పే. 1944 మార్చి 5 రాత్రి అడవి మధ్యలోని ‘బ్రాడ్‌వే’ అనే చోట మిత్రరాజ్యాల గ్లైడర్లు (ఇంజన్ లేని విమానాలు) దిగితే, మర్నాటి రాత్రికల్లా డకోటా రవాణా విమానాలు దిగాయి. వానలు పడితే అదే వరిమడి చెరువవుతుంది. ఇంఫాల్ మైదానంలో ఆరు ఎయిర్‌ఫీల్డులు ఉండగా, అన్ని కాలాల్లోనూ పనికొచ్చేవి ఇంఫాల్, పలేల్ రెండే. ఎడారి ఆటలో పుట్టిన రూలుకు ఈ తేడా తెలియదు.

అందుకే మేం రూల్‌బుక్ వాక్యాలను పట్టుకుని వాదించుకోవడం మానేసి, ప్రతి తగువునూ ముందు విడగొట్టి తెలుగులో ఒక కాగితం మీద రాసుకుంటున్నాం. నేల ఎవరి చేతిలో ఉంది? ఈ టర్న్‌లో విమానం దిగవచ్చా? దిగితే నష్టం ఎంత? ఎన్నింటికి మరమ్మతు, పెట్రోలు అందుతాయి? ఇలా అడిగితే మిట్కీనా గడిలో రూల్‌బుక్‌లోని రెండు వాక్యాలూ కొట్టుకోవు. చివరగా వచ్చినవాళ్లది అన్నది నేల గురించి. వాడకూడదు అన్నది అక్కడ విమానాలను ఉంచి మరమ్మతు చేసుకోవడం గురించి. రవాణా విమానం దిగి, దించి, వెళ్లిపోవడాన్ని రెండోది ఆపదు. డిజైనర్ అధికారికంగా సవరణ ఇస్తే మా కాగితం పక్కన పెట్టేస్తాం. అప్పటిదాకా ఇదే చెల్లుతుంది. ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టుకున్నాం: నడుస్తున్న టర్న్ మధ్యలో ఏ నిర్ణయమూ మారదు. పాచిక వేసి ఆ పూటకు తేల్చుకుని, చర్చ ఆట ముగిశాకే.

ఒక ప్రశ్న ఇంకా తేలలేదు. ఎయిర్‌ఫీల్డ్ శత్రువు చేతికి చిక్కినప్పుడు నేల మీదున్న విమానాలు ఏమవుతాయి? రూల్‌బుక్ వాటిని దగ్గర్లోని సొంత ఎయిర్‌ఫీల్డుకు పంపేయమంటుంది. మా జపాన్ ఆటగాడు పలేల్‌ను చూపిస్తున్నాడు. 1944 జూలై మొదట్లో జపాన్ సైనికుల చిన్న దళం రాత్రివేళ అక్కడికి చొరబడి, నిలిపి ఉన్న విమానాలను పేల్చేసి వెళ్లిపోయింది. ఎయిర్‌ఫీల్డ్ మాత్రం చేతులు మారలేదు. అంటే విమానాల నష్టాన్ని అధీనంతో ముడిపెట్టనే కూడదని అతని వాదన. నేను దానికి ఒప్పుకుంటున్నాను, మిగతావాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. ఆటలో వానాకాలం టర్న్‌లు మొదలయ్యేలోగా దీని మీద ఒక మాటకు రావాలి, ఎందుకంటే అప్పటికి బర్మా మ్యాపు మీద పనికొచ్చే ఎయిర్‌ఫీల్డులు కొన్నే మిగులుతాయి, విమానాలన్నీ వాటి మీదే గుమిగూడతాయి.