ప్రాంతీయ చైన్ దేశమంతా విస్తరిస్తే ప్రత్యేకత పోతుందా? అపోహలు - వాస్తవాలు

ఒక ప్రాంతంలో పేరు తెచ్చుకున్న చైన్ దేశమంతా షాపులు తెరుస్తోందనగానే "ఇక అయిపోయినట్టే" అనేస్తుంటారు. రిటైల్‌లో కొనుగోళ్లు చూసేవాడిగా నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.

అపోహ: షాపులు పెరిగితే ప్రత్యేకత పోయినట్టే.

వాస్తవం: అమెరికా కిరాణా చైన్ ట్రేడర్ జోస్ తొలి స్టోర్‌ను 1967లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో తెరిచారు. ఇప్పుడు అమెరికాలో 500కు పైగా ఉన్నాయి. అయినా స్టోర్లు చిన్నవే, సరుకులో ఎక్కువ భాగం సొంత లేబుల్‌దే, అంటే చైన్ తన పేరుతోనే అమ్మేది. బోర్డులు ఏ స్టోర్‌కు ఆ స్టోర్ ఆర్టిస్టులే చేత్తో రాస్తారు. జనం వచ్చేదే ఆ సొంత సరుకు కోసం కాబట్టి, ఏ సరుకు పెట్టాలన్న ఎంపిక కేంద్రంలో, అంటే హెడ్ ఆఫీసులో, జరిగినా నష్టం లేదు.

అపోహ: పాత పేరు ఉంచితే చాలు.

వాస్తవం: పేరు చిన్న విషయం కాదు. 2006లో షికాగోలో మార్షల్ ఫీల్డ్స్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్ పేరు తీసి మేసీస్ అని పెట్టినప్పుడు జనం వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. కానీ బోర్డు అలాగే ఉన్నా లోపల సరుకు మారిపోవచ్చు. అసలు నష్టం అక్కడే, అదీ చడీచప్పుడు లేకుండా.

ఇదివరకు ఇండెంట్, అంటే తెప్పించాల్సిన సరుకు జాబితా, స్టోర్ మేనేజరే రాసేవాడు. ఎవరు ఏం అడిగారో, ఏది దొరక్క వెనక్కి వెళ్లారో ఆయనకు తెలుసు. విస్తరణతో ఆ పని కంప్యూటర్ సిస్టమ్‌కు పోతుంది. సిస్టమ్ అమ్మిందే లెక్కపెడుతుంది, అడిగి దొరకనిది దానికి కనిపించదు. షెల్ఫ్‌లో లేని వస్తువుకు అమ్మకం సున్నా, సున్నా కాబట్టి మళ్లీ ఆర్డర్ రాదు.

ఆపైన రేంజ్ రివ్యూ, అంటే ఏ వస్తువులు ఉంచాలి, ఏవి తీసేయాలి అని చూసే సమీక్ష. 400 స్టోర్ల చైన్‌లో 12 స్టోర్లలో మాత్రమే ఉండే వస్తువు అక్కడ మొదటి స్థానంలో ఉన్నా, మొత్తం అమ్మకాల జాబితాలో అట్టడుగున కనిపిస్తుంది. చైన్‌కు సరుకు ఎంపిక చేసే బయ్యర్ దాన్ని జాబితాలోంచి కొట్టేస్తాడు. మొత్తం అమ్మకం కాకుండా, ఆ వస్తువు ఉన్న ఒక్కో స్టోర్‌లో వారానికి ఎంత పోతోందో చూస్తే ఇదే వస్తువు పైకొస్తుంది. దయచేసి ఈ లెక్క వేయకుండా ఏదీ తీసేయకండి.

అపోహ: స్టోర్లకు నిర్ణయాలు వదిలితే పెద్ద చైన్‌కు గిట్టుబాటు కాదు.

వాస్తవం: అన్నీ వదలక్కర్లేదు. గోడౌన్లు, రవాణా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కేంద్రం నుంచి నడవడమే మేలు, అవి కస్టమర్‌కు కనిపించవు. 1999లో ఫ్రెడ్ మేయర్‌ను కలుపుకున్న అమెరికా సూపర్‌మార్కెట్ చైన్ క్రోగర్ కూడా ఆ స్టోర్లకు ఫ్రెడ్ మేయర్, రాల్ఫ్స్ అన్న పాత పేర్లనే ఉంచింది. షెల్ఫ్‌లో కొంత భాగం మేనేజర్‌కే వదిలి, దాని లెక్క విడిగా చూడాలి. ఎంత భాగమన్నది సరుకును బట్టి ఉంటుంది: దుస్తుల్లో ఎక్కువ, సబ్బుల్లాంటి వాటిలో తక్కువ.